పాత బట్టల డ్రయ్యర్ కొందామనుకుంటున్నారా, బెజవాడ గుంటూరు వాళ్ళు ముందు ఇవి చూస్కోండి

మే నెలలో బెజవాడలో డ్రయ్యర్ కొంటానంటే ఎవరైనా ఎందుకండీ అంటారు, డాబా మీద తీగకి ఈ చివర ఆరేసుకుంటూ ఆ చివరికి వెళ్ళేలోపే మొదట వేసినవి ఆరిపోతాయి. జూలై నుంచి డిసెంబర్ దాకా మాత్రం లెక్క వేరు. ముసురు పట్టిందంటే రోజుల తరబడి ఎండ మొహం కనపడదు, ఫ్యాన్ కింద ఆరేసిన జీన్సు ప్యాంటు మూడో రోజుకి ముక్కిపోయిన వాసన వేస్తది, పిల్లలకి యూనిఫాంలు రెండు జతలే ఉంటాయి, పొద్దున్నే ఇస్త్రీపెట్టెతో రుద్ది రుద్ది తడి లాగి వేసి పంపడం అందరికీ తెలిసిందే. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు గుంటూరు, కృష్ణా రెండు జిల్లాల్లోనూ ఇంట్లో తడిబట్టలు పెట్టుకోని వాళ్ళు లేరు. ఇబ్రహీంపట్నం వైపు ఉండేవాళ్ళకి ఎండ ఉన్నా సుఖం లేదు, థర్మల్ స్టేషన్ బూడిద వచ్చి తెల్లబట్టల మీద కూర్చుంటది. అపార్ట్‌మెంట్లో అయితే ఉన్నదే మూడడుగుల బాల్కనీ, దాంట్లో సగం పావురాలది.

కొత్త డ్రయ్యర్లు ఇప్పుడు బాగానే దొరుకుతున్నాయి కానీ నేను చెప్పేది పాతవాటి గురించి, అది కూడా చవక అని కాదు. పాత డ్రయ్యర్ లోపల ఉండేవి చాలా తక్కువ, ఒక మోటరు, డ్రమ్ము చుట్టూ ఒక బెల్టు, ఒక ఫ్యాను, ఒక హీటర్, వేడిని అదుపులో ఉంచే రెండు థర్మోస్టాట్లు, చేత్తో తిప్పే టైమరు. 1938లో అమెరికాలో హామిల్టన్ కంపెనీ అమ్మిన మొదటితరం డ్రయ్యర్లోనూ సూత్రం ఇదే, వేడిగాలి వదలడం, డ్రమ్ము తిప్పడం, తడిగాలిని బయటికి తోసెయ్యడం. ఎలక్ట్రానిక్ బోర్డు పోయింది, బోర్డు కంపెనీ నుంచే రావాలి, దాని రేటు మెషీన్ రేటులో సగం అనే గోల లేదు. ఇందులో పోయే ప్రతి ముక్కా బండ్ల రిపేర్లు, విడిభాగాల కొట్లుండే మన ఆటోనగర్లో బాగుచేయించుకోవచ్చు, లేదా దానికి సరిపడేది దొరికిద్ది. ఆటోనగర్ లాంటిది ఊళ్ళో ఉన్న మనలాంటి వాళ్ళకి పాత డ్రయ్యర్ నప్పినంతగా ఇంకెవరికీ నప్పదని నా గట్టి నమ్మకం.

ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. మన ఇళ్ళల్లో డ్రయ్యర్ అంటే చాలామందికి సెమీ ఆటోమేటిక్ మెషీన్‌లో కుడిపక్క ఉండే చిన్న తొట్టి. అది వేడి చెయ్యదు, నిమిషానికి సుమారు 1300 చుట్లు తిరిగి నీళ్ళు విదిలిస్తది అంతే, దాన్ని ఈ రాతలో స్పిన్ అంటాను. వేడిగాలితో పూర్తిగా ఆరబెట్టేదాన్ని డ్రయ్యర్ అంటాను. ఈ రెండూ ఒకదానికొకటి పోటీ కాదు, రెండూ కలిసి పనిచేస్తేనే కరెంటు బిల్లు మన చేతిలో ఉంటది. ఎందుకో తర్వాత లెక్కతో చెప్తా.

ఎక్కడ దొరుకుతాయంటే, షాపుల్లో వెతికితే తక్కువ. సెకండ్ హ్యాండ్ ఫ్రిజ్‌లు, ఏసీలు అమ్మే వాళ్ళ దగ్గర ఎప్పుడో ఒకటి వచ్చిద్ది, ఫోన్ నెంబర్ ఇచ్చి వస్తే వచ్చినప్పుడు చెప్తారు. మూసేస్తున్న బ్యూటీ పార్లర్లు, చిన్న లాడ్జీలు, నర్సింగ్ హోములు, జిమ్ములు మంచి చోట్లు, వీళ్ళకి రోజూ తువ్వాళ్ళు ఆరాలి కాబట్టి ఒక డ్రయ్యర్ పెట్టుకుని ఉంటారు. ఇల్లు ఖాళీ చేసి పిల్లల దగ్గరికి అమెరికానో బెంగళూరో వెళ్ళిపోతున్న పెద్దవాళ్ళ దగ్గర కూడా ఉంటాయి, పటమట, మొగల్రాజపురం, గుంటూరులో లక్ష్మీపురం, బ్రాడీపేట వైపు ఇలాంటి ఇళ్ళు ఎక్కువ. మన దగ్గర ఎక్కువగా కనపడేది ఐఎఫ్‌బీ వాళ్ళ 5.5 కిలోల రకం, వెనకనుంచి గొట్టంతో గాలి బయటికి పోయేది. గల్ఫ్ నుంచో ఇంగ్లాండ్ నుంచో సామాన్లతో పాటు వచ్చిన యూరప్ మెషీన్లు కూడా అప్పుడప్పుడు తగుల్తాయి, అవి బాగుంటాయి.

అమెరికా నుంచి కంటెయినర్‌లో వేయించుకుని తెచ్చింది మాత్రం ఎంత కొత్తగా మెరుస్తున్నా, ఊరికే ఇస్తానన్నా తీస్కోవద్దు. వెనక రేకు మీద ప్లేటు చదవండి, 120/240 వోల్టులు, 60 హెర్ట్జ్ అని ఉందంటే అది మనకి కాదు. అక్కడి ఎలక్ట్రిక్ డ్రయ్యర్లో హీటర్ 240 వోల్టుల మీద, మోటరు 120 వోల్టుల మీద నడుస్తాయి, మన ఇంట్లో ఆ 120 అనేదే లేదు. ట్రాన్స్‌ఫార్మర్ పెడితే సరిపోద్దని చెప్పేవాళ్ళు ఉంటారు కానీ ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీ మార్చుద్ది, హెర్ట్జ్ మార్చదు, 60 మీద తిరగాల్సిన మోటరు మన 50 మీద ఆరో వంతు నెమ్మదిగా తిరుగుద్ది, ఎక్కువ వేడెక్కుద్ది, గాలి తక్కువ తోస్తది. దానికి తోడు అక్కడి హీటర్లు 5 కిలోవాట్ల పైమాట, మన ఇంట్లో ఏ 16 ఆంపియర్ల సాకెట్టూ దాన్ని మొయ్యలేదు. ప్లేటు మీద 220-240 వోల్టులు, 50 హెర్ట్జ్, 2000 నుంచి 2500 వాట్లలోపు ఉంటేనే మిగతా మాటలు మాట్లాడండి.

రెండో హెచ్చరిక మన ఊరికి సంబంధించింది. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు పొంగి సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట మునిగినప్పుడు ఎన్ని ఇళ్ళల్లో వాషింగ్ మెషీన్లు, ఫ్రిజ్‌లు నీళ్ళల్లో నానాయో మనందరం చూశాం. వాటిల్లో కొన్ని కడిగి, ఆరబెట్టి, పాలిష్ పెట్టి చేతులు మారి ఉంటాయి. పోగొట్టుకున్న వాళ్ళని తప్పు పట్టేదేం లేదు, పాపం వాళ్ళ కష్టం వాళ్ళది, కొనేవాళ్ళు మాత్రం కళ్ళు తెరుచుకుని కొనాలి. వరదలో మునిగిన మెషీన్ బయటినుంచి కనపడదు, వెనక రేకు విప్పించండి, నాలుగైదు స్క్రూలే కదా, విప్పనివ్వనంటే అక్కడే ఆగిపోండి. లోపల అడుగు రేకు మూలల్లో వేలు పెట్టి చూడండి, వేలికి సన్నటి బూడిదరంగు ఒండ్రు అంటిందా, రేకు లోపలి పక్క ఎక్కడైనా గీత గీసినట్టు ఒకే ఎత్తులో మరక ఉందా, మోటరు ఇనప రేకులు వరసగా ఎర్రగా తుప్పు పట్టాయా, డ్రమ్ము అంచున ఉండే ఫెల్ట్, అంటే మందపాటి ఉన్నిలాంటి పట్టీ, గట్టిపడి అట్టకట్టిందా. వీటిలో ఏ రెండు కనపడినా వదిలేయండి. దూదిలా తెల్లగా, బూడిదగా మెత్తటి పీచు పేరుకుని ఉంటే భయం లేదు, అది బట్టల పీచు, వాడిన ప్రతి డ్రయ్యర్లో ఉంటది, అంటే అది మునగలేదని కూడా ఒక గుర్తు.

రేకు విప్పారు కాబట్టి ఇంకో రెండు పనులు అక్కడే చేసేయండి. ఒక మల్టీమీటర్ తీసుకెళ్ళండి, మామూలుదే చాలు. ప్లగ్గు పీకేసి, హీటర్ తీగ ఒకటి విడదీసి రెండు టెర్మినళ్ళ మధ్య ఓమ్స్ చూడండి, 2000 వాట్ల హీటర్ అయితే 26 ఓమ్స్ దగ్గర్లో రావాలి, ఏమీ రాకపోతే కాయిల్ తెగింది. తర్వాత ఒక ముల్లు హీటర్ టెర్మినల్ మీద, ఇంకోటి రేకు మీద పెట్టండి, ఇక్కడ ఏమీ రాకూడదు, అంకె ఏదైనా వచ్చిందంటే బాడీకి కరెంటు లీకవుతోందన్నమాట. డ్రమ్ము చేత్తో తిప్పితే గరగరా లేకుండా బరువుగా ఒకే తీరుగా తిరగాలి. బెల్టు అంచులు దారాలు లేచి ఉంటే అది పెద్ద విషయం కాదు, మార్చుకోవచ్చు. 1970ల నాటి విదేశీ మెషీన్ ఏదైనా తగిలి, హీటర్ వెనక తెల్లగా పొడిపొడిగా రాలే అట్టముక్క ఉంటే గోకొద్దు, ఆ కాలం సామాన్లు కొన్నిటిలో ఆస్బెస్టాస్ వాడేవాళ్ళు, దాని పొడి పీలిస్తే ఊపిరితిత్తులకి చేటు, అలాంటిది నాకొద్దని చెప్పి వచ్చేయడమే.

ఇక రేకు బిగించి కరెంటు పెట్టించి నడిపి చూడాలి. అమ్మేవాళ్ళు ఖాళీ డ్రమ్ము రెండు నిమిషాలు తిప్పి "చూశారుగా సార్, నిక్షేపంలా తిరుగుద్ది" అంటారు. అది చాలదు. ఇంటి దగ్గర్నుంచి రెండు తడి తువ్వాళ్ళు కవర్లో వేసుకుని వెళ్ళండి, అడగడానికి మొహమాటపడకండి, కొనేది మీరు. తువ్వాళ్ళేసి ఇరవై నిమిషాలు తిప్పితే అన్నీ బయటపడతాయి, వెనక గొట్టం దగ్గర చెయ్యి పెడితే వేడిగా తడిగా గాలి గట్టిగా కొట్టాలి, మధ్యలో తలుపు తీస్తే డ్రమ్ము వెంటనే ఆగాలి, తీసినా తిరుగుతూనే ఉందంటే తలుపు స్విచ్చిని ఎవరో డైరెక్ట్ చేశారు, అంటే స్విచ్చి పనిచెయ్యకుండా తీగలు నేరుగా కలిపేశారు. మోటరు మూలుగుతూ తిరక్కపోతే, డ్రమ్ముకి చేత్తో ఊపు ఇస్తే అందుకుంటే, అది ఎక్కువసార్లు మోటరుని స్టార్ట్ చేయించే కెపాసిటర్ పోవడమే, చిన్న ఖర్చు, దాన్ని చూపించి బేరం తగ్గించండి. కాలిన వాసన, అదీ వార్నిష్ కాలినట్టు ఘాటుగా వస్తే వైండింగ్ పోతోంది, వైండింగ్ కూడా చేయిస్తారు కానీ అప్పుడు రేటు బాగా దిగాలి. నా లెక్కలో కొత్తదాని ధరలో మూడో వంతు దాటితే పాతది కొనకూడదు, ఎందుకంటే వైరింగు, గొట్టం, బెల్టు కలిపి ఇంకొంత పెట్టాల్సిందే.

తేవడం సులభం. ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషీన్‌లో కదలకుండా ఉండడానికి సిమెంట్ దిమ్మ పెడతారు, డ్రయ్యర్లో అది ఉండదు కాబట్టి బరువు తక్కువ, ఇద్దరు మనుషులు మెట్ల మీద ఎక్కించేయొచ్చు. ట్రాలీ ఆటోలో నిలబెట్టే తీసుకురండి, పడుకోబెట్టొద్దు.

ఇంటికి రాగానే వాడకండి. ముందు శుభ్రం. ప్లగ్గు పెట్టకుండా వెనక రేకు విప్పి పెయింట్ బ్రష్‌తో, వాక్యూం ఉంటే వాక్యూంతో పీచు మొత్తం లాగేయండి, హీటర్ చుట్టూ, మోటరు మీద, ఫ్యాను రెక్కల మధ్య, ఫిల్టర్ పెట్టే గూట్లో అడుగుదాకా. ఈ పీచు దీపం ఒత్తిలా అంటుకుంటది, డ్రయ్యర్లు కాలడానికి ముఖ్యమైన కారణాల్లో ఇది ఒకటి. పాత మెషీన్ పీచు తియ్యకుండా నడపడమంటే చేజేతులా అపాయం తెచ్చుకోవడమే. కెపాసిటర్ ముట్టుకునే ముందు దాని రెండు కాళ్ళని పాతరకం ఫిలమెంట్ బల్బు పెట్టిన హోల్డర్ తీగలతో కలిపి ఖాళీ చేసేయండి, కరెంటు తీసినా దాంట్లో కొంచెం ఉండిపోద్ది.

బెల్టు మార్చాలంటే పాత బెల్టు మీదే నెంబర్ ఉంటది, 1930 హెచ్ 7 అని ఉంటే 1930 మిల్లీమీటర్ల పొడవు, 7 గాళ్ళు అని అర్థం. అది పట్టుకుని ఆటోనగర్లో బెల్టులు, బేరింగులు అమ్మే కొట్టుకి వెళ్తే వాళ్ళే చూసి ఇస్తారు, మెషీన్ కంపెనీ పేరు చెప్తే మా దగ్గర లేదంటారు, బెల్టు చేతిలో పెడితే దొరికిద్ది. మోటరు వైండింగ్ షాపులో కూడా అంతే, మోటరు విప్పి తీసుకెళ్ళండి, అక్కడి పనివాడు షాఫ్ట్ పట్టుకుని రెండు వేళ్ళతో అటూ ఇటూ కదిపి చూసి బేరింగు పోయిందో లేదో ఆ కదలికతోనే చెప్తాడు, మీటర్ కూడా తియ్యడు, ఆ పనితనం చూసినప్పుడల్లా నాకు గౌరవం పెరుగుద్ది. డ్రమ్ము కింద చిన్న రోలర్లు అరిగితే కీచుమంటాయి, వాటి ఇరుసుకి వేడి తట్టుకునే గ్రీజు కొంచెం అంటే కొంచెమే, అంతేగానీ ఇంట్లో ఉన్న కొబ్బరినూనె, కుట్టుమిషన్ నూనె పొయ్యొద్దు, నూనె పీల్చిన పీచు వేడి హీటర్ పక్కన ఉండకూడదు.

ఇప్పుడు నేను ఈ మొత్తంలో గట్టిగా చెప్పదల్చుకున్న మాట. డ్రయ్యర్లో రెండు థర్మోస్టాట్లు ఉంటాయి, ఒకటి రోజువారీ వేడిని పట్టి ఉంచేది, రెండోది వేడి హద్దు దాటితే కరెంటు కోసేసే సేఫ్టీది. బట్టలు వేడెక్కట్లేదని మెకానిక్‌ని పిలిస్తే చాలామంది చేసే పని, ఆ రెండోదాన్ని తీసేసి రెండు తీగలు కలిపి టేపు చుట్టెయ్యడం, "డైరెక్ట్ చేశానండి, ఇంక ప్రాబ్లం రాదు" అంటారు. ప్రాబ్లం అప్పుడే మొదలైనట్టు. ఆ సేఫ్టీ ఊరికే కొట్టదు, గొట్టం మూసుకుపోయి గాలి ఆడకపోతేనో, ఫ్యాను జారుతుంటేనో, మొదటి థర్మోస్టాట్ అతుక్కుపోతేనో కొడుద్ది. కొన్ని మెషీన్లలో దాని మీద చిన్న బటన్ ఉంటది, నొక్కితే మళ్ళీ సెట్ అయిద్ది, కొన్నిటిలో కొత్తది వెయ్యాలి, వేసే ముందు గాలి ఎక్కడ ఆగిందో కనుక్కోవాలి. పాతది కొనేటప్పుడు కూడా ఈ టేపు చుట్టిన జాయింట్ల కోసం చూడండి, ఉంటే కొత్త థర్మోస్టాట్ అదే డిగ్రీలది వేయించాకే వాడండి, డిగ్రీలు దాని మీదే అచ్చేసి ఉంటాయి.

వైరింగు దగ్గర పిసినారితనం పనికిరాదు. 2000 వాట్లంటే 230 వోల్టుల మీద 8.7 ఆంపియర్లు, గంట సేపు ఆగకుండా. మామూలు ఫోన్ ఛార్జర్లు పెట్టే చిన్న సాకెట్టులో కన్వర్టర్ ప్లగ్గు పెట్టి నడిపితే ప్లాస్టిక్ కరిగి వాసన వచ్చేది మొదటి వారంలోనే. డీబీ, అంటే ఇంటి మెయిన్ స్విచ్చుల డబ్బా నుంచి విడిగా 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, దానికి సొంత 16 ఆంపియర్ల ఎంసీబీ (లోడు ఎక్కువైతే పడిపోయే స్విచ్చి), 16 ఆంపియర్ల సాకెట్టు వేయించండి. గీజర్ లైన్లో కలపొద్దు, రెండూ ఒకేసారి ఆన్ అయితే 17 ఆంపియర్లు దాటిద్ది. ఇన్వర్టర్ లైన్లో అసలే వద్దు. ఇంట్లో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే కోసేసే స్విచ్చి) లేకపోతే ఈ వంకన పెట్టించేయండి, తడి చేతులతో ముట్టుకునే రేకు డబ్బా ఇది, పాతది కూడా, కాబట్టి ఎర్త్ కచ్చితంగా ఉండాలి. మన పాత ఇళ్ళల్లో మూడో పిన్ను కన్నం ఉంటది గానీ దానికి తీగ ఉండదు, ఎలక్ట్రీషియన్‌తో చెక్ చేయించండి, ఎండాకాలం ఎర్త్ గొయ్యి ఎండిపోద్ది కాబట్టి నీళ్ళు పోసే ఏర్పాటు ఉందో లేదో కూడా అడగండి. కొన్ని వీధుల్లో సాయంత్రం పూట వోల్టేజీ పడిపోద్ది, 230 కాస్తా 180 అయితే హీటర్ ఇచ్చే వేడి దాదాపు 60 శాతానికి దిగుద్ది, మోటరు కూడా కష్టపడుద్ది, ఆ టైములో వెయ్యకుండా పొద్దున పూట వేస్తే మంచిది.

గొట్టం సంగతి చాలామంది తేలిగ్గా తీస్కుంటారు. నాలుగంగుళాల అల్యూమినియం గొట్టం కొనండి, ప్లాస్టిక్‌ది వద్దు. పొడవు ఎంత తక్కువైతే అంత మంచిది, రెండు మీటర్లలోపు, వంపులు ఒకటీ రెండుకి మించకుండా. కిటికీ అద్దం ఒకటి తీయించి ఆ చోట అల్యూమినియం రేకు పెట్టి గుండ్రంగా కోయించి గొట్టం దూర్చడం అన్నిటికన్నా సులువు, అద్దె ఇల్లయినా ఖాళీ చేసేటప్పుడు మళ్ళీ అద్దం వేయించేయొచ్చు. బయటి చివర పావురాలు దూరకుండా ఏదో ఒకటి ఉండాలి, సన్నజాలీ కొడితే పీచు దానికే పట్టేసి పది రోజుల్లో మూసుకుపోద్ది, గాలి వచ్చినప్పుడు లేచి ఆగినప్పుడు పడిపోయే రెక్క మూత పెట్టించండి. బాత్రూముల వెనకుండే షాఫ్టులోకి వదలొద్దు, పీచంతా అక్కడ పైపుల మీద పేరుకుంటది, పైవాళ్ళ ఇంట్లోకి ఆవిరి పోద్ది, రోజూ గొడవే. గొట్టమే లేకుండా గదిలోకి వదిలేస్తే ఒక్క వాయికి రెండు మూడు లీటర్ల నీళ్ళు ఆవిరై ఆ గదిలోనే ఉంటాయి, గోడలకి బూజు, బీరువాలో పట్టుచీరలకి కూడా.

గ్యాస్ గీజర్ ఉన్న ఇళ్ళవాళ్ళు ఇది రెండుసార్లు చదవండి. డ్రయ్యర్ లోపలి గాలిని బయటికి తోస్తది, ఆ గాలి ఎక్కడినుంచో లోపలికి రావాలి, కిటికీలన్నీ మూసేసి ఉంటే గీజర్ పొగ పోయే దారి నుంచే వెనక్కి లాగుద్ది, ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటది, దానికి వాసన ఉండదు, రంగు ఉండదు, ప్రాణం తీస్తది. గ్యాస్ గీజర్ ఉన్న చోటా, దాని పక్క గదిలోనూ డ్రయ్యర్ పెట్టొద్దు, ఎక్కడ పెట్టినా నడిచేటప్పుడు కిటికీ ఒకటి బార్లా తీసి ఉంచండి.

ఇప్పుడు కరెంటు లెక్క. లీటరు నీళ్ళు ఆవిరి చెయ్యడానికి దగ్గర దగ్గర 0.7 యూనిట్ వేడి కావాలి, ఇది ప్రకృతి లెక్క, వేడిగాలి బయటికి తోసే ఇలాంటి మెషీన్ ఏ కంపెనీదైనా తగ్గించలేదు, గాలితో బయటికి పోయే వేడి కూడా కలుపుకుంటే లీటరుకి ఒక యూనిట్ అనుకోండి. చేత్తో పిండిన అయిదు కిలోల నూలు బట్టల్లో అయిదు లీటర్ల నీళ్ళు కూడా ఉండొచ్చు. అవే మంచి స్పిన్‌లో తిప్పితే మూడు, మూడున్నర లీటర్లకి దిగుద్ది, ఆ స్పిన్‌కి అయ్యే కరెంటు లెక్కలోకి కూడా రానంత తక్కువ. మన దగ్గర శ్లాబులు కాబట్టి యూనిట్లు పెరిగేకొద్దీ రేటు కూడా పెరుగుద్ది, ఏసీ వాడే ఇంట్లో పైన పడే ప్రతి యూనిట్ ఖరీదైన యూనిట్టే. అందుకే ఒక వాయి స్పిన్ అయ్యాక బట్టలు విదిలించి, దులిపి మళ్ళీ ఒకసారి స్పిన్ వెయ్యండి, అప్పుడు డ్రయ్యర్లో పెట్టండి.

స్పిన్ ఒక్కటి చాలనుకునే వాళ్ళు కూడా ఉన్నారు, ఒకరిద్దరు ఉండే ఇంటికి నిజంగానే చాలు. ఉతికే పక్క పాడై స్పిన్ పక్క బాగున్న పాత సెమీ ఆటోమేటిక్ మెషీన్లు స్క్రాప్ రేటుకి దొరుకుతాయి. వాటిలో రెండే చూడాలి, మూత తీస్తే బ్రేకు పడి తొట్టి కొద్ది సెకన్లలో ఆగాలి, ఆగకపోతే బ్రేకు తీగ, బ్రేకు షూ మార్పించాకే వాడాలి, తిరిగే తొట్టిలో తువ్వాలు అంచు చేతికి చుట్టుకుంటే చెయ్యి పోద్ది. రెండోది అడుగున ఉండే రబ్బరు సీలు, అది చిరిగితే నీళ్ళు నేరుగా మోటరు మీద కారతాయి. బట్టల మీద నొక్కిపెట్టే ప్లాస్టిక్ మూత పాత మెషీన్లలో తరచు పోయి ఉంటది, అది లేకుండా తిప్పొద్దు.

వాడేటప్పుడు డ్రమ్ము సగానికి మించి నింపకండి, 5.5 కిలోలని రాసింది పొడిబట్టల బరువు. జీన్సులు, దుప్పట్లు ఒక వాయి, చొక్కాలు, యూనిఫాంలు ఇంకో వాయి, కలిపితే సన్నవి ఎండి ముడతలు పడతాయి, మందంవి తడిగానే ఉంటాయి. ప్రతి బట్టా ఒకసారి దులిపి వెయ్యండి, జేబులు చూడండి. చొక్కాలు పూర్తిగా ఎండేదాకా ఆగకుండా కొంచెం చెమ్మ ఉండగానే తీసి హ్యాంగర్‌కి వేస్తే ఫ్యాన్ కింద అరగంటలో ఆరిపోతాయి, ఇస్త్రీ పని కూడా తగ్గుద్ది, కరెంటూ కలిసొచ్చిద్ది. టైమర్ చివరి పది నిమిషాలు హీటర్ లేకుండా చల్లగాలితో తిరుగుద్ది, తొందరపడి మధ్యలో ఆపి వేడి బట్టలు డ్రమ్ములోనే కుప్పగా వదిలెయ్యొద్దు. పీచు ఫిల్టర్ ప్రతి వాయికీ తియ్యాలి, ప్రతి వాయికీ. మెషీన్ నడుస్తుండగా గుడికో బజారుకో వెళ్ళిపోవడం, రాత్రి వేసి పడుకోవడం వద్దు.

వెయ్యకూడనివి మన ఇళ్ళల్లోనే చాలా ఉన్నాయి. తలంటుకి వాడిన నూనె తువ్వాలు, మోకాళ్ళకి తైలం రాసుకుని తుడుచుకున్న గుడ్డ, వంటింటి మసిగుడ్డ, బండి తుడిచిన పెట్రోలు గుడ్డ, ఇవి ఉతికినా వెయ్యొద్దు, నూనె పూర్తిగా పోదు, వేడిబట్టల కుప్పలో ఆ నూనె తనంతట తానే ఇంకా వేడెక్కి అంటుకోగలదు. పట్టుచీరలు చెప్పక్కర్లేదు. మంగళగిరి చీరలు నూలే కదా అని వెయ్యకండి, జరీ అంచు నలుగుద్ది, నేత నూలు ముడుచుకుపోద్ది, అంచు ఒక పొడవు చీర ఒక పొడవు అయిద్ది. గంజి పెట్టినవి వేస్తే గంజి పొడిగా రాలి ఫిల్టర్‌కి అట్టకట్టుద్ది. కొత్త లుంగీలు, కొత్త నూలు నైటీలు రెండు మూడు ఉతుకులు అయ్యాకే. రబ్బరు అడుగున్న డోర్‌మ్యాట్లు, ఫోమ్ దిండ్లు అసలొద్దు. తువ్వాళ్ళు, దుప్పట్లు, బనియన్లు, పసిపిల్లల గుడ్డలు, జీన్సులు, స్కూలు యూనిఫాంలు, వీటికే ఈ మెషీన్, ముసురులో మనల్ని ఏడిపించేవి కూడా ఇవేగా.

ఫిబ్రవరి వచ్చాక దాంతో పని ఉండదు, కానీ పక్కన పడేసి జూలైలో మళ్ళీ ఆన్ చేస్తే పాత మోటరు మొరాయిస్తది. పక్కన పెట్టే ముందు ఒకసారి వెనక రేకు విప్పి పీచు దులపండి, గొట్టం ఊడదీసి లోపల బ్రష్ తిప్పండి, బయటి రెక్క మూతకి గుడ్డ కట్టండి, ఎలకలు ఫెల్ట్ కొరుకుతాయి, వైర్లు కూడా. ప్లగ్గు పీకి ఉంచండి, నెలకోసారి పెట్టి పది నిమిషాలు ఖాళీగా తిప్పి మళ్ళీ పీకేయండి. జూన్‌లో మొదటి వాన పడగానే ముందు ఆ గుడ్డ విప్పి, గొట్టం తగిలించి, చివర చెయ్యి పెట్టి గాలి గట్టిగా వస్తోందో లేదో చూసి అప్పుడు తువ్వాళ్ళు వెయ్యండి.